గుంటూరుకు వచ్చి ఉండిపోయిన డాక్టరమ్మ

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంతపు పెద్దల్లో ఎవరో ఒకరి జీవితం గురించి రాయమని సంపాదక వర్గం మిత్రులు ఫోన్ చేశారు. అప్పటికే ప్రకాశం పంతులుగారిని ఒకరు, కొండా వెంకటప్పయ్యగారిని ఒకరు, ఉన్నవ లక్ష్మీనారాయణగారిని మరొకరు తీసేసుకున్నారు. నేను చెప్పిన పేరు వాళ్ల జాబితాలో లేదు. పేరు వినగానే అటువైపు కాసేపు నిశ్శబ్దం. ఆవిడ పేరు మేరీ గ్లోరీ. సన్యాసినిగా మారాక సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. ఊరి జనానికి మాత్రం డాక్టరమ్మ. గుంటూరు సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిని ఆసుపత్రి చేసిన మనిషి. మనలో ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లే ఒక తరగతి గదికి సరిపడా ఉంటారు. వాళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసో చేతులెత్తమంటే లెక్క తేలుతుంది.

నేను నీటిపారుదల శాఖ ఇంజనీరును. వైద్యం నా సబ్జెక్టు కాదు, క్రైస్తవం నా ఇంటి మతం కాదు. అయినా ఆవిడ జీవితం చదివినకొద్దీ నా ఉద్యోగానికి దగ్గరగా ఉన్న ఒక సంగతి కనిపించింది. అది వరుసలో వచ్చినప్పుడు చెప్తాను.

ఆవిడ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో బిర్రెగర్రా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అప్పటికి అది కూడా మనలాగే బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలోనిదే. ఐరిష్ మూలాలున్న కాథలిక్ కుటుంబం, తొమ్మిదిమంది పిల్లల్లో ఈవిడ మూడో సంతానం. బాల్యం వాచెమ్ అనే ఊళ్లో గడిచింది. అది మల్లీ అనే మెట్ట ప్రాంతం. గోధుమ పండిస్తారు. వాన పడితే పంట, పడకపోతే దుమ్ము. ఆవిడ చదువుకునే రోజుల్లోనే ఆ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పట్టి పీడించిన పెద్ద కరువు వచ్చింది. మన దర్శి, పొదిలి, కనిగిరి వైపు పెరిగినవాళ్లకు ఆ ఊరిని వేరే వర్ణించక్కర్లేదు. తర్వాత గుంటూరు ఎండలకు ఆవిడ ఎలా తట్టుకున్నారా అని నేను అనుకునేవాణ్ణి. మల్లీ గురించి చదివాక ఆ ఆశ్చర్యం కొంచెం తగ్గింది.

చదువులో చురుకు. స్కాలర్‌షిప్ పరీక్ష రాసి గెలిచి, ఆ పల్లెటూరి నుంచి మెల్బోర్న్‌కు హైస్కూలు చదువుకు వెళ్లారు. అక్కడి నుంచి మళ్లీ స్కాలర్‌షిప్ మీదే మెల్బోర్న్ విశ్వవిద్యాలయం. మొదట చేరింది ఆర్ట్స్‌లో. తర్వాత తండ్రి ప్రోత్సాహంతో మెడిసిన్‌కు మారారు. ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే అక్కడ కూడా ముక్కున వేలేసుకునే కాలమే అది. 1910లో పట్టా వచ్చింది. కాని చేతిలో పట్టా ఉన్న ఆడ డాక్టరుకు ఆసుపత్రిలో చోటు దొరకడం వేరే పని. హౌస్ సర్జన్‌గా పనిచేయడానికి సముద్రం దాటి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక మెల్బోర్న్ కంటి, చెవి ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోనూ పనిచేశారు. కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు పెట్టారు. కాలిన్స్ స్ట్రీట్ అంటే మెల్బోర్న్‌లో పేరున్న డాక్టర్లు బోర్డులు కట్టుకునే వీధి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై మగ డాక్టర్లు చాలామంది పటాలాల వెంట వెళ్లిపోవడంతో చేతినిండా పని కూడా ఉండేది.

అక్కడే ఆగి ఉంటే మంచి కళ్ల డాక్టరుగా, ధనవంతురాలిగా స్థిరపడేవారు. 1915 అక్టోబరులో ఒక చిన్న పుస్తకం ఆవిడ చేతికి వచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే డాక్టరు గురించిన కరపత్రం లాంటి పుస్తకం అది.

ఈ మెక్‌లారెన్ కథ కాస్త చెప్పాలి. ఆవిడ స్కాట్లాండ్ మనిషి, 1837లో పుట్టారు. బ్రిటన్‌లో ఆడవాళ్లకు వైద్య విద్య దొరక్క ఫ్రాన్స్‌లోని మాంపెల్యేకు వెళ్లి డాక్టరు చదివారు. వయసు మళ్లాక కాథలిక్కుగా మారి, ఇండియాలో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి పట్టించుకోవడం మొదలుపెట్టారు. మగ డాక్టరు ముందుకు రావడం కంటే చావడం మేలనుకునే ఘోషా ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయనీ, కాన్పుల్లో తల్లులూ బిడ్డలూ రాలిపోతున్నారనీ, ఆడ డాక్టర్లు వస్తే తప్ప ఇది మారదనీ ఆవిడ వాదన. తన పలుకుబడితో రావల్పిండిలో ఒక ఆసుపత్రి పెట్టించారు. ఆసుపత్రులు నడపగలిగిన కాథలిక్ సన్యాసినులు ప్రపంచమంతా ఉన్నారు గదా, వాళ్లనే డాక్టర్లను చేస్తే సరిపోతుంది గదా అని మనకు తోస్తుంది. ఆవిడకూ అదే తోచింది. అడ్డొచ్చింది చర్చి నిబంధన. సన్యాస వ్రతం పుచ్చుకున్నవాళ్లు వైద్యవృత్తి చేయకూడదు, ముఖ్యంగా కాన్పుల జోలికి పోకూడదు. ఆ నిబంధన మార్చమని మెక్‌లారెన్ రోమ్‌కు ఒకసారి కాదు, చాలాసార్లు అర్జీలు పెట్టారు. మారలేదు. 1913లో ఆవిడ పోయారు.

ఎక్కువ అవసరం ఉన్నచోట, ఆ పని చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లనే చేయవద్దని కట్టడి చేసే నిబంధన అది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కాబట్టి అలాంటి నిబంధనలు నాకు వింతగా అనిపించవు. ఎవరో ఎప్పుడో ఏదో ప్రమాదాన్ని తలుచుకుని రాస్తారు. ఆ ప్రమాదం పోయినా కాగితం మిగులుతుంది.

ఆ పుస్తకం చదివిన రోజునే తన జీవితం ఇండియాలో అని గ్లోరీ నిశ్చయించుకున్నారు. కాని మర్నాడే పెట్టె సర్దుకోలేదు. నాలుగేళ్లకు పైగా ఆగారు. ఈ నాలుగేళ్లంటే నాకు ఎంతో గౌరవం. ఆవేశం వచ్చినప్పుడు ఓడెక్కడం తేలిక. ఈవిడ కూర్చుని, అక్కడ పనికొచ్చే చదువు ఏమిటని చూసుకున్నారు. ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం చదివి, 1919లో ఎండీ పట్టా తీసుకున్నారు. ఈలోగా 1916లో మెల్బోర్న్ కాథలిక్ మహిళలు ఒక సేవాసంఘం పెట్టుకుంటే దానికి మొదటి అధ్యక్షురాలు ఈవిడే. అది కాథలిక్ ఉమెన్స్ సోషల్ గిల్డ్. తర్వాత ఇక్కడ చేసిన పెద్ద పనికి సంఘం నడిపిన ఆ అనుభవం అక్కరకొచ్చిందని నా అభిప్రాయం.

1920 జనవరి 21న ఓడెక్కారు. ఫిబ్రవరి 12న గుంటూరులో దిగారు. అప్పటికి ఆవిడకు ముప్పై రెండేళ్లు. మళ్లీ ఆస్ట్రేలియా నేల తొక్కలేదు.

గుంటూరే ఎందుకు? ఇక్కడ జె.ఎం.జె. సిస్టర్లు ఉన్నారు. జీసస్ మేరీ జోసఫ్ సభ అని, 1822లో హాలండ్‌లోని అమర్స్‌ఫోర్ట్‌లో మతియాస్ వోల్ఫ్ అనే జెస్యూట్ ఫాదరు స్థాపించిన సభ. ఆ డచ్చి సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. చిత్రంగా గుంటూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. బడి నడుపుతూ, ఒక చిన్న డిస్పెన్సరీలో మందులిస్తూ ఉండేవాళ్లు. డాక్టరు మాత్రం లేరు.

ఆనాటి గుంటూరును ఒకసారి ఊహించుకోండి. ఇప్పుడు మన ఎదుట ఉన్న గుంటూరు మెడికల్ కాలేజీ పుట్టడానికి ఇంకా ఇరవై ఆరేళ్లుంది, అది 1946లో వచ్చింది. నాగార్జునసాగర్ లేదు కాబట్టి డెల్టా దాటితే అంతా మెట్ట. పత్తి, మిరప, జొన్న వానదేవుడి దయ మీద. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడపిల్లల్ని 1875లోనే చేర్చుకున్నారు, 1912లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు అక్కడే పట్టా తీసుకున్నారు. అయితే చదువుకున్న ఆ కొద్దిమందీ పెద్ద పట్నాలకే చాలరు. గుంటూరు ఒక రకంగా అదృష్టవంతురాలు. ఇక్కడ అప్పటికే అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ ఉన్నారు. ఆవిడ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియని గుంటూరువాళ్లు లేరు. ఒక ఊరికి రెండు వేర్వేరు దేశాల నుంచి ఇద్దరు ఆడ డాక్టర్లు రావడం చాలా జిల్లాలకు దక్కని భాగ్యం. అయినా జనాభా ముందు అది ఏమాత్రం? కొండవీడు నుంచి కందుకూరు దాకా ఉన్న చూలాళ్లందరికీ ఇద్దరు ఎలా చాలుతారు?

రాజకీయంగా కూడా అది మామూలు కాలం కాదు. ఆవిడ వచ్చిన ఏడాదికే చీరాల పేరాల ఉద్యమం, పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం. 1922లో పెదనందిపాడు పన్నుల నిరాకరణ. తెల్లవాళ్లంటే జిల్లా మండిపోతున్న రోజుల్లో ఒక తెల్లావిడ వచ్చి కాన్వెంటులో చేరింది.

చేరగానే మెడలో స్టెతస్కోపు వేసుకోలేదు. సన్యాసం పుచ్చుకోవాలంటే శిష్యరికం ఉంటుంది. ఎండీ పట్టా ఉన్నా, ఆ కాలమంతా కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల పిల్లతో సమానం. సొంత పేరు వదిలేయాలి, సంపాదన వదిలేయాలి, మదర్ చెప్పిన మాట వినాలి. ఇక చర్చి నిబంధన సంగతి. పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఈవిడకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు, సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేయవచ్చని. కాథలిక్ సన్యాసినుల్లో అలాంటి అనుమతితో మిషన్ దేశంలో డాక్టరుగా పనిచేసిన మొదటి మనిషిగా ఈవిడను చెప్తారు. మెక్‌లారెన్ ఎన్ని అర్జీలు పెట్టినా కదలని తలుపు ఈవిడ కోసం ఓరగా తెరుచుకుంది. ఆ తలుపు అందరికీ తెరవడానికి రోమ్‌కు 1936 దాకా పట్టింది. అప్పటికి గుంటూరులో ఈ పని ఎన్నో ఏళ్లుగా జరిగిపోతూనే ఉంది.

డిస్పెన్సరీ మెల్లగా ఆసుపత్రి అయింది. అదే సెయింట్ జోసఫ్స్. చాలా ఏళ్లపాటు మొత్తానికి డాక్టరు ఈవిడ ఒక్కరే. పగలు అవుట్‌పేషెంట్లు, కాన్పులు, కళ్లు. తీరిక చేసుకుని ఎద్దులబండి మీద పల్లెలకు. కరెంటు, ఎక్స్‌రే, రక్తం ఎక్కించడం ఇవేమీ మామూలు కాని కాలం. యాంటీబయాటిక్స్ అసలు పుట్టలేదు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగినా, గుర్రపు వాతం వచ్చినా, మాయ పడకపోయినా డాక్టరు చేతిలో ఉన్నది ఓపిక, శుభ్రం, నేర్పు అంతే. తెలుగు నేర్చుకున్నారు. దుబాసీని మధ్యలో పెట్టుకుని కాన్పు బాధ అడగడం కుదరదు గదా. విలాయతీ మందులు ఖరీదైనవి, సమయానికి రావు. అందుకని ఇక్కడి ఆకులు, వేళ్లు, చెక్కల గుణాలు తెలుసుకుని వాటితోనూ మందులు తయారుచేసేవారు. మెల్బోర్న్ ఎండీ డాక్టరు మన నాటు మూలికల ముందు కూర్చుని నేర్చుకోవడం తన చదువుకు తక్కువ అనుకోలేదు. ఈ ఒక్క సంగతి మన ఇంజనీర్లు కూడా వినాల్సింది. ఊరి రైతుకు తన చెరువు గురించి తెలిసినంత మన డ్రాయింగుకు తెలియదు.

1927 నుంచి 1936 దాకా పదేళ్ల లెక్క ఒకటి ఉంది. ఆ పదేళ్లలో సెయింట్ జోసఫ్స్‌లో చికిత్స పొందినవాళ్లు ఆరు లక్షలకు పైమాటే. చాలామంది అవుట్‌పేషెంట్లే. నా అలవాటు కొద్దీ భాగహారం చేసి చూశాను. ఆదివారాలు, పండగలు కూడా పనిదినాలే అనుకుంటే రోజుకు నూట అరవై మందికి పైన. ఒక డాక్టరు, చేతికింద కొద్దిమంది. ఎలా కుదిరిందో అర్థం కావాలంటే ఆ చేతికింద ఉన్నవాళ్లు ఎవరో చూడాలి.

మొదట్లో చెప్తానన్న సంగతి ఇదే. మేము కాలువల మనుషులం. సాగర్ కుడి కాలువ మీద పనిచేసిన ఎవరినడిగినా చెప్తారు. రిజర్వాయరులో ఎన్ని టీఎంసీలు ఉన్నాయన్నది అసలు ప్రశ్న కాదు. చివరి భూములకు తడి అందిందా లేదా అన్నదే ప్రశ్న. తల దగ్గర మడి ఎప్పుడూ తడుస్తుంది. చివరి ఎకరానికి నీళ్లు వెళ్లాలంటే పెద్ద కాలువ ఒక్కటే చాలదు. పిల్లకాలువలు, తూములు, లష్కర్లు కావాలి. గుంటూరు ఆసుపత్రిలో ఎంత గొప్ప డాక్టరు ఉన్నా, పాతిక మైళ్ల అవతల ఊళ్లో అర్ధరాత్రి నొప్పులు మొదలైన మనిషికి ఆ డాక్టరు లేనట్టే.

మా నాన్నను కన్న తల్లిని నేను చూడలేదు, మా నాన్నకే గుర్తు లేదు. ప్రకాశం వైపు మెట్ట గ్రామం మాది. మా నాన్నకు రెండేళ్లప్పుడు ఆవిడ రెండో కాన్పులో పోయింది. బిడ్డ పుట్టింది, మాయ పడలేదు. తెల్లారితే బండి కట్టి పట్నం తీసుకుపోదామనుకున్నారట. తెల్లారలేదు. 1938 ప్రాంతపు సంగతి. ఊళ్లో మంత్రసాని ఉంది. ఆమెకు తెలిసినదంతా చేసింది. ఆమె చెడ్డది కాదు, ఆమెకు నేర్పినవాళ్లు లేరు. నేను నాయనమ్మా అని పిలిచిన మనిషి తాతయ్య రెండో భార్య, బంగారంలాంటి మనిషి. ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకూ తెలుసు. మీ ఇళ్లలో కూడా రెండు తరాలు వెనక్కి వెళ్తే ఇలా ఫొటో కూడా లేని ఒక పేరు తగులుతుంది.

గ్లోరీగారికి ఇది మొదటి నుంచే తెలుసు. తన రెండు చేతులతో ఎంతమందిని బతికించినా, తను లేని చోట పోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఆవిడ రోగుల మధ్య ఎంత కాలం గడిపారో, నేర్పడంలో అంత పట్టుదల చూపారు. ఇక్కడి ఆడపిల్లలకే నర్సు పని, మందులు కలిపే పని, కాన్పులు చేసే పని నేర్పించారు. అది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో నర్సు పని అంటే పరువైన ఇళ్లవాళ్లు మొహం చిట్లించేవాళ్లు. పరాయి వాళ్ల మలమూత్రాలు ఎత్తేది, రాత్రుళ్లు బయట ఉండేది అని. కులం సంగతి సరే సరి. ఆ మాటలన్నీ పడి మొదటగా ఆ పని నేర్చుకున్న పిల్లలు మన పల్లెల వాళ్లే. వాళ్ల పేర్లు చరిత్రలో లేవు. డాక్టరమ్మకు విగ్రహం పెట్టాలని ఎవరైనా అంటే, పక్కన ఈ పిల్లల్ని కూడా పెట్టమని నేనంటాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మిషన్ ఆసుపత్రి అనగానే మతం కోసమే వైద్యం అనే అనుమానం ఆ రోజుల్లో ఉంది, ఈ రోజుల్లోనూ ఉంది. ఈ సంచిక చదివే మన మిత్రుల్లోనూ కొందరు అదే అనుకుంటారు. ఆవిడ తన విశ్వాసాన్ని ఏనాడూ దాచుకోలేదు. ప్రతి పనీ దేవుడి పేరు మీదే చేశారు. నమ్మకం లేకపోతే ఆవిడ కాలిన్స్ స్ట్రీట్ వదిలేవారు కాదు. కాబట్టి నమ్మకాన్ని తీసేసి సేవను మాత్రం పొగడడం కూడా నాకు న్యాయంగా తోచదు. నేను చూసేది ఒక్కటే. ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆరు లక్షల మందిలో అత్యధికులు ఏ మతంతో వచ్చారో ఆ మతంతోనే, కాస్త ఆరోగ్యంతో, ఇళ్లకు వెళ్లారు. వాళ్లలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, అందులో మళ్లీ లూథరన్లు, బాప్టిస్టులు అందరూ ఉండేవాళ్లు. మన జిల్లా అంటేనే అది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆవిడకు యాభై దాటాయి. అప్పటికి దేశంలో కాథలిక్ సిస్టర్లు నడిపే డిస్పెన్సరీలు, ఆసుపత్రులు చాలా వెలిశాయి. దేనికదే. ఒకచోట మందు మిగిలితే ఇంకోచోట లేదు. ఒకచోట నర్సులకు శిక్షణ ఉంది, ఇంకోచోట లేదు. ప్రభుత్వంతో మాట్లాడే గొంతు ఎవరికీ లేదు. పేద ఊరికి వెళ్లిన సిస్టరు ఒంటరి. వీటన్నిటినీ ఒక తాటి మీదకు తేవాలని గ్లోరీగారు పూనుకున్నారు. 1943 జులై 29న పదహారు మంది సిస్టర్లు కలిసి కాథలిక్ హాస్పిటల్ అసోసియేషన్ మొదలుపెట్టారు. మొదటి అధ్యక్షురాలు మన డాక్టరమ్మ. 1951 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. స్వాతంత్ర్యం రావడానికి నాలుగేళ్ల ముందు, యుద్ధం నడుస్తుండగా, రైళ్లు సరిగా లేని రోజుల్లో, పదహారు మంది ఆడవాళ్లు కూర్చుని పెట్టిన సంఘం అది. దానికిప్పుడు దేశమంతటా మూడున్నర వేలకు పైగా సభ్యసంస్థలున్నాయి. ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాదులోనే. చాలామంది ఆ బోర్డు ముందు నుంచి వెళ్లే ఉంటారు.

మన సంఘం యాభై ఏళ్లలో ఎన్నిసార్లు చీలబోయి ఆగిందో, ఒక వార్షిక సభకు కోరం లేక ఎన్నిసార్లు వాయిదా వేశామో కార్యదర్శులకు తెలుసు. అందుకే ఈ పదహారు మంది లెక్క చూస్తే నాకు ముచ్చటేసింది.

ఇంకో కోరిక కూడా ఉండేది ఆవిడకు. కాథలిక్కుల వైద్య కళాశాల ఒకటి ఈ దేశంలో రావాలి, ఇక్కడి పిల్లలు, ముఖ్యంగా పల్లెలకు వెళ్లేందుకు సిద్ధపడే సిస్టర్లు, అందులో డాక్టర్లు కావాలి అని. తన జీవితకాలంలో అది జరగలేదు. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆవిడ పోయిన ఆరేళ్లకు.

చివరి రెండేళ్లు బాధతో గడిచాయి. క్యాన్సరు. నొప్పి తెలిసిన డాక్టరు, దాని దారి ఎటు పోతుందో కూడా తెలుసు. చికిత్స కోసం బెంగుళూరు తీసుకువెళ్లారు. 1957 మే నెలలో అక్కడే కన్నుమూశారు. వయసు అరవై తొమ్మిది. అందులో ముప్పై ఏడేళ్లు మన దేశంలోనే. పుట్టిన దేశంలో గడిపిన కాలం కంటే ఇక్కడ గడిపిన కాలమే ఎక్కువ.

తర్వాత చాలాకాలం ఆవిడ పేరు కాన్వెంటు గోడలు దాటి పెద్దగా వినిపించలేదు. 2013లో కాథలిక్ చర్చి ఆవిడను దైవ సేవకురాలిగా ప్రకటించింది. పునీత పదవికి తీసుకెళ్లే దారిలో అది మొదటి మెట్టు. ఆ ప్రక్రియలో సాక్ష్యాలు, ఉత్తరాలు, అద్భుతాలు అన్నీ పరిశీలిస్తారు. అద్భుతాల సంగతి వాళ్లు చూసుకుంటారు. నా మట్టుకు రోజుకు నూట అరవై మంది లెక్క దగ్గరే నేను ఆగిపోయాను.

ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఆవిడ గురించి చదువుతున్నారు, పుస్తకాలు వేస్తున్నారు. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు చాలామంది ఉన్నారు. మన 1990ల బ్యాచ్‌లవాళ్లయితే మెల్బోర్న్‌లో ఏటా ఉగాదికి కలుస్తున్నారని వాట్సాప్‌లో చూస్తుంటాను. ఒకప్పుడు ఆ ఊరి నుంచి ఒక డాక్టరు మన ఊరికి వచ్చింది. ఇప్పుడు మన ఊళ్ల నుంచి డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు ఆ ఊరికి వెళ్తున్నారు. ఈసారి కాలిన్స్ స్ట్రీట్‌లో నడిచేటప్పుడు ఒక ఫొటో తీసి గ్రూపులో పెడితే బాగుంటుంది.

సెయింట్ జోసఫ్స్‌లో నర్సింగ్ చదువు ఇప్పటికీ సాగుతూనే ఉంది. నా తరగతిలోని ఆడపిల్లల్లో ముగ్గురు నర్సింగ్‌కు వెళ్లారు. పదో తరగతి సెలవుల్లో ముగ్గురూ మిరపకాయల కోతకు కూలికి వెళ్లినవాళ్లే. ఆ డబ్బుతోనే దరఖాస్తు ఫారాలు కొన్నారు. ఒకరు గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చారు, ఒకరు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు, ఒకరు ప్రకాశం జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నారు. గ్లోరీగారి పేరు నాకు మొదట చెప్పింది ఈ మూడో ఆవిడే. మూడేళ్ల కిందట మా ఊరి తిరునాళ్లలో కలిసి, మా నాయనమ్మ సంగతి మాటల్లో వస్తే, ఇప్పుడు తన సెంటర్లో మాయ పడకపోతే ఏం చేస్తారో, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో వివరంగా చెప్పింది. ఆ మాటల మధ్యలోనే ఈ పేరు వచ్చింది.

ముగ్గురూ స్వర్ణోత్సవ సభకు వస్తున్నారు. వేదిక మీద సన్మానాలు ఎటూ మంత్రిగారికి, విరాళాలిచ్చినవాళ్లకు ఉంటాయి, ఉండాలి కూడా. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక అరగంట ఈ ముగ్గురికీ మైకు ఇవ్వమని కార్యదర్శిగారిని అడిగాను. కార్యక్రమ పత్రంలో రెండున్నరకు వేశారు.